ఇద్దరే పాడే బృందంలో పాట ఎవరిది?

అడిగిన ప్రశ్న ఇది: "మాది రణస్థలం దగ్గర పల్లె. నేను పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాను. గిటార్ వాయిస్తాను, పాటలు రాస్తాను. మా పిన్ని కూతురు, నాకు అక్క అవుతుంది, సచివాలయంలో ఉద్యోగి. ఆమె పాడుతుంది, జముకు (తీగ గిల్లి వాయించే జానపద వాద్యం) వాయిస్తుంది. మా అమ్మ వాళ్ల నాన్న జముకుల కథ చెప్పేవారు, అక్క ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడాయన లేరు. ఆయన కట్టిన పాట ఒకటి గిటార్‌తో పాడి యూట్యూబ్‌లో పెడితే బాగా వెళ్లింది. హైదరాబాద్ నుంచి ఒక మ్యూజిక్ కంపెనీ ఆ పాటకీ, రాబోయే పది పాటలకీ కలిపి ఒకేసారి డబ్బిస్తామని అగ్రిమెంట్ పంపింది. సంతకం పెట్టాలా? ఉద్యోగాలు మానేసి ఇదే బతుకుగా పెట్టుకోవచ్చా?"

సంతకం ఇప్పుడే పెట్టకండి. ఉద్యోగాలూ ఇప్పుడే మానకండి. ఈ రెండు ముక్కల కోసమే వచ్చి ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు, మిగతాదంతా ఎందుకో చెప్పడానికే.

నేను విజయనగరంలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. అంతకుముందు చాలాకాలం జాతరల్లో, కళాజాతాల్లో సౌండ్ చూసేవాణ్ని. జంటగా పాడినవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామందే నాకు తెలుసు. పాట బాగోలేక విడిపోయిన జంట వాళ్లలో ఒక్కటీ లేదు. డబ్బులేని రోజుల్లో విడిపోయినవాళ్లూ తక్కువే. మొదటిసారి గట్టి మొత్తం చేతికొచ్చినప్పుడు, అది దేనికొచ్చింది, ఎవరి పనికొచ్చింది అని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు తేడాలు మొదలవుతాయి. మీరు సరిగ్గా ఆ గుమ్మంలో ఉన్నారు.

ముందు ఆ పాట సంగతి. "ఆయన కట్టిన పాట" అని మీ తాతగారి గురించి మీరే రాశారు. ఆయన పాడిన పాత కాసెట్ ఇంట్లో ఉందని ప్రశ్న కింద ఇంకో వ్యాఖ్యలో చెప్పారు. అంటే అది ఊరుమ్మడి జానపదం కాదు, కర్త తెలిసిన పాట. మన కాపీరైట్ చట్టం ప్రకారం కర్త చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు పాట మీద హక్కు బతికే ఉంటుంది, వారసులకు వెళ్తుంది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానంగా. మీ అమ్మమ్మ ఉంటే ఆమెకో వాటా, మీ మావయ్యలకు తలా ఒక వాటా, మీ అమ్మకు, పిన్నికి తలా ఒకటి. తల్లులు ఉండగా మీరిద్దరూ అసలు వారసుల లెక్కలోకే రారు తమ్ముడూ! ఇప్పుడు మీకు వచ్చిన అగ్రిమెంట్ తీసి చూడండి. ఇలాంటివన్నీ ఒకే అచ్చు, కాబట్టి "ఈ రచన, బాణీ పూర్తిగా మా సొంతం, వీటి మీద మరెవరికీ హక్కు లేదు, వివాదం వస్తే నష్టపరిహారం మేమే భరిస్తాం" అనే పేరా అందులోనూ ఉండే ఉంటుంది. దాని కింద సంతకం పెడితే అబద్ధం మీద సంతకం పెట్టినట్టే. రేపు ఏ మావయ్యో లాయర్ దగ్గరికి వెళ్తే కంపెనీకి ఏమీ కాదు, తిరిగి కట్టాల్సింది మీరు.

కాబట్టి మొదటి పని హైదరాబాద్‌తో కాదు, ఇంట్లో. అమ్మమ్మను, మావయ్యలను కూర్చోబెట్టి, తాతగారి పాటలు పాడుకోవడానికి, రికార్డు చేయడానికి మీకు అనుమతి ఇస్తున్నట్టు, వచ్చేదాంట్లో ఇంత భాగం వాళ్లకు ఇస్తున్నట్టు ఒక కాగితం రాసుకోండి. పాట వివరాల్లో రచన, బాణీ అని తాతగారి పూర్తి పేరు వేయండి. జముకుల కథ చెప్పిన ఎంతోమంది పేర్లు ఎక్కడా మిగల్లేదు. మీ ఇంట్లో ఒక పేరైనా మిగిలే అవకాశం ఉంది.

మన వైపు ఏది జానపదం, ఏది కాదు అన్నది పెద్ద గందరగోళం. వంగపండు పాటలు ఊళ్లలో ఎవరో తాతముత్తాతలవి అనుకుని పాడేస్తారు. ఆయన పోయింది 2020లో. లెక్క ప్రకారం 2080 చివరిదాకా వాటికి హక్కుదారులు ఉంటారు. నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ 1952లో పోయారు, కాబట్టి 2012తో ఆయన పాటల గడువు తీరింది, ఎవరైనా పాడుకోవచ్చు. గురజాడ, ఆదిభట్ల నారాయణదాసు రచనల మీద ఆ ఆటంకం ఎప్పుడో పోయింది. "రాబోయే పది పాటలు" అంటున్నారు కదా, వాటిలో ఏవి ఏ గదిలోకి వస్తాయో ముందే రాసి పెట్టుకోండి: కర్త తెలియనివి, కర్త తెలిసి గడువు తీరినవి, తీరనివి, మీరే రాసినవి.

కర్త తెలియని పాటలతో ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది చూడరు. ఊరి పాటను మీరు పాడి రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ మీది, మీరు చేసిన కొత్త కూర్పూ మీది. కింద ఉన్న పాట మాత్రం ఎవరిదీ కాదు. అయితే కంపెనీ దాన్ని తన లెక్కలో వేసుకుని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఎవరి పాట ఎవరు వాడారో పోల్చి పట్టే వ్యవస్థ) ఎక్కించిందనుకోండి, ఆ యంత్రానికి ఊరి పాట, కంపెనీ పాట అన్న భేదం తెలియదు. రికార్డింగ్ పోలినా, కొన్నిసార్లు బాణీ పోలినా క్లెయిమ్ వేస్తుంది. నాకు తెలిసిన బొబ్బిలి వైపు బృందం ఒకటి తమ ఊరి పండగ పాటను తామే పాడి పెట్టుకుంటే, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు ఎవరో బయటి కంపెనీకి పోవడం మొదలైంది. డిస్ప్యూట్ పెట్టి గెలిచారనుకోండి, కానీ ఆ జాతర సీజన్ గడిచిపోయింది. మీ సంతకం వల్ల మీ పక్క ఊరి తప్పెటగుళ్ల వాళ్ల వీడియోకి అదే గతి పట్టొచ్చు. అగ్రిమెంట్‌లో "సంప్రదాయ గీతాల విషయంలో హక్కు ఈ రికార్డింగ్‌కు మాత్రమే పరిమితం, సాహిత్యానికీ బాణీకీ వర్తించదు" అన్న వాక్యం లేకుండా ఏ ఊరి పాటా ఇవ్వకండి.

ఇక "ఒకేసారి డబ్బు, అన్ని హక్కులూ, శాశ్వతంగా" అన్న మాట. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంది. దాన్ని వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. "నాకు రాయల్టీ వద్దు" అని సంతకం పెట్టినా ఆ మాట చెల్లదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని చట్టమే చెబుతోంది. అందుకే కంపెనీలు "శాశ్వతంగా, విశ్వమంతటా" అని అంత జాగ్రత్తగా రాస్తాయి (విశ్వం అంటే చంద్రుడి మీద కూడా మన జముకు వాళ్లదేనన్నమాట). మీరు అడగాల్సింది లైసెన్సు. ఈ ఒక్క రికార్డింగ్, మూడేళ్లు, ఆ తర్వాత తిరిగి మీకే. రాబోయే పది పాటల ఊసే వద్దు. పుట్టని బిడ్డకు పెళ్లిచూపులేమిటి?

రికార్డింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు దాన్ని ఏమైనా చేయగలరు. సైమన్, గార్‌ఫంకెల్ అని అమెరికాలో అందరికీ తెలిసిన జంట. 1964లో వాళ్ల మొదటి ఆల్బమ్ ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరూ విడిపోయారు, సైమన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1965లో వాళ్ల నిర్మాత టామ్ విల్సన్, ఆ ఆల్బమ్‌లోని ఒక పాటకు వాళ్లను అడక్కుండానే ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ కలిపి మళ్లీ విడుదల చేయించాడు. 1966 జనవరిలో అది అక్కడ మొదటి స్థానానికి వెళ్లింది. ఆ అదృష్టంతోనే ఇద్దరూ మళ్లీ కలిశారు. ఇది విని "అయితే కంపెనీ మంచే చేస్తుంది కదా" అనుకోకండి. మీ తాతగారి పాట కింద ఎవరో డీజే బీటు వేసి, రీల్స్ కోసం అరనిమిషం ముక్క చేసి వదిలితే మీకు నచ్చుతుందా? నచ్చకపోతే "మార్పులకు మా రాతపూర్వక అనుమతి కావాలి" అన్న ముక్క అగ్రిమెంట్‌లో ఉండాలి.

ఆ జంట గురించి ఇంకో సంగతి మీకు నేరుగా తగులుతుంది. పాటలు రాసి బాణీ కట్టింది దాదాపు అన్నీ సైమనే. గార్‌ఫంకెల్ గొంతు. జనానికి ఇద్దరూ ఒకటే, రచన రాయల్టీ మాత్రం ఒకరికే. వాళ్ల పాటల్లో అన్నిటికంటే పేరొచ్చిన ఒకదానికి చప్పట్లన్నీ పాడినవాడికి పడుతుంటే, పక్కన నిలబడి "అది నేను రాసిన పాట" అనుకునేవాడినని సైమన్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. 1970లో విడిపోయారు. మీ ఇంట్లోనూ పని సరిగ్గా అలాగే పంచుకున్నారు: రాసేది నువ్వు, పాడేది అక్క.

మన చట్టం కూడా ఇక్కడ కొంచెం మొండిది. పాటలో మాటలు వేరే రచన, బాణీ వేరే రచన. మాటలు నువ్వు రాసి బాణీ అక్క కడితే ఒకటి నీది, ఒకటి ఆమెది. అక్క జముకు మీద గిల్లుతూ కూనిరాగం తీసిందే బాణీ అయిపోయిందనుకో, ఆ బాణీ ఆమెది, కానీ వివరాల్లో మాత్రం "రచన, సంగీతం" అని నీ పేరే పడుతుంది, ఎందుకంటే అప్‌లోడ్ చేసేది నువ్వు. దురుద్దేశం ఏమీ అక్కర్లేదు, ఫారం నింపేవాడి పేరు రెండు గళ్లలోనూ పడిపోతుంది. ఐదేళ్ల తర్వాత ఆమె పెళ్లై వెళ్లాక, ఆమె భర్త ఆ వివరాలు చూసి అడిగితే ఏం చెబుతావు?

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి పాటకూ ఎవరిది ఎంత అని కూర్చుని రాసుకోవడం. రెండోది మన జంటకవుల దారి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఎవరు రాసినా "తిరుపతి వేంకట కవులు" అనే పెట్టారు. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా చెళ్లపిళ్ల ఒంటరిగా రాసిన వాటిని జంట పేరుతోనే వేశారు. నా ఓటు మీకు ఈ రెండోదానికే. ఇద్దరే ఉన్నచోట, అందులోనూ చుట్టాల్లో, పాటపాటకీ తక్కెడ పట్టుకుంటే ఆ తక్కెడే గొడవవుతుంది. తాతగారివి పక్కన పెట్టి, మీరు చేసే కొత్త పాటలన్నిటికీ మాట, బాణీ, గొంతు ఏది ఎవరిదైనా సగం సగం అని ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అదే పేజీలో ఇంకో మూడు విషయాలు ఉండాలి: బృందం పేరు ఎవరిది, ఛానెల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఒకరు మానేస్తే మిగిలినవాళ్లు ఆ పేరుతో పాడొచ్చా లేదా. తర్వాత ఇద్దరూ విడివిడిగా ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరి, పాటలు నమోదు చేసేటప్పుడు అవే వాటాలు వేయండి. రచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీ వసూలు చేసే ఈ సొసైటీ 1969 నుంచీ ఉంది, సినిమావాళ్లకే అని అనుకుని మనవాళ్లు అటు చూడరు.

ఇక ఇదే బతుకుగా పెట్టుకోవచ్చా అన్నది. ఇద్దరికీ ఒకే ఆశ ఉందా అన్నది ముందు తేల్చుకోండి. నీ ప్రశ్న మొత్తం నువ్వే రాశావు, అక్క ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ద సివిల్ వార్స్ అని ఒక అమెరికన్ జంట ఉండేది, జాయ్ విలియమ్స్, జాన్ పాల్ వైట్. 2008లో పాటలు రాసే ఒక కూటమిలో కలిశారు. పెద్ద కంపెనీ ఏదీ లేకుండా, ఒక కచేరీ రికార్డింగ్‌ను ఊరికే ఇచ్చేసి జనాన్ని సంపాదించారు. 2011లో మొదటి ఆల్బమ్, 2012 మొదట్లో రెండు గ్రామీ అవార్డులు. అదే ఏడాది నవంబరులో టూర్ మధ్యలో ఆపేశారు. లోపలి గొడవలు, ఇద్దరి ఆశయాల మధ్య సర్దుకోలేని తేడాలు అని ప్రకటించారు. 2013లో వాళ్ల రెండో ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానంలో దిగే నాటికి ఇద్దరికీ మాటల్లేవు. 2014లో పూర్తిగా ముగిసింది. డబ్బుకు, పేరుకు, శ్రోతలకు లోటు లేదు. ఒకరికి కావలసినంత రెండోవారికి అక్కర్లేకపోయింది.

దీనికి పూర్తిగా వేరే దారి నార్వేలో బెర్గెన్ నుంచి వచ్చిన కింగ్స్ ఆఫ్ కన్వీనియెన్స్‌ది. ఇద్దరూ గిటార్లే, ఇద్దరివీ మెత్తని గొంతులు. 2001లో ఒక ఆల్బమ్, 2004లో ఒకటి, 2009లో ఒకటి, తర్వాత పన్నెండేళ్లకు 2021లో నాలుగోది. ఒకాయన బెర్గెన్‌లోనే కుటుంబంతో ఉంటాడు, రెండో ఆయన ఇటలీలో సిసిలీకి మకాం మార్చాడు. వేగం కలవకపోతే నెమ్మదిగా ఉన్నవాళ్ల వేగంతోనే నడిచారు. మన దగ్గర ఆ ఓపిక తక్కువ. సాలూరు ఇంటిపేరున్న కోటి, టి.వి. రాజు గారబ్బాయి రాజ్ తెలుగు సినిమాలో ఎంత ఊపుమీద ఉండగా విడిపోయారో మా వయసువాళ్లకు ఇంకా గుర్తే.

మీకు నా సలహా ఆ నార్వే పద్ధతే. ఏడాదికి నాలుగైదు పాటలు, మంచి కచేరీలు ఎంచుకుని. అక్క సచివాలయ ఉద్యోగి కాబట్టి బయట డబ్బు తీసుకుని పాడాలంటే ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది. పై అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, నోటిమాట వద్దు. నీకు షిఫ్టులున్నాయి, రాత్రి షిఫ్టు దిగి వచ్చి గొంతు కలపకు, ఆరోజు వాయించు చాలు. ఆమె పెళ్లి మాటలు జరుగుతుంటే, చూపులకు వచ్చినవాళ్లకు తాను పాడుతున్న సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పమనండి. చెప్పకుండా దాచి, తర్వాత "పాటలు మానేసింది" అన్న కబురు నేను చాలాసార్లు విన్నాను.

ఆన్‌లైన్ డబ్బు గురించి ఆశ పెంచుకోకండి. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్ మీదైతే 90 రోజుల్లో కోటి వ్యూస్). స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకు పైసా లెక్కకట్టరు. మీ ఒక్క పాట బాగా వెళ్లింది, సంతోషం. దాన్ని జీతంలా చూడకుండా, కచేరీలకు పిలిపించుకునే విజిటింగ్ కార్డులా వాడండి.

కచేరీల డబ్బు ఎక్కడుందంటే సంక్రాంతి నుంచి వేసవి దాకా గ్రామదేవతల పండగలు, దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను చుట్టూ జరిగే కార్యక్రమాలు, కార్తీకంలో పిక్నిక్‌లు. ఆషాఢంలో, మూఢంలో ఏమీ ఉండదు, ఆ నెలలు రికార్డింగ్‌కి. జాతరలో మిమ్మల్ని రాత్రి పది తర్వాత వేస్తే ఒప్పుకోకండి. పక్క స్టేజీ మీద డీజే మోగుతుంటే జముకు తీగ వినబడదు, ఒక గిటారు, ఒక గొంతు అసలే వినబడవు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అడగండి, డబ్బు కొంచెం తగ్గినా ఫర్వాలేదు. అడ్వాన్సు లేకుండా తేదీ ఇవ్వకండి. జముకుకు మైక్ మరీ దగ్గర పెట్టనివ్వకండి, గిల్లిన టకటక తప్ప ఆ గుమ్మని నాదం రాదు. జానెడు దూరం, కొంచెం పక్కకు. తీగ లాగుడు బట్టి జముకు శ్రుతి జారుతుంది కాబట్టి పాటపాటకీ గిటారే దానికి దిగిరావాలి. చాలామంది గిటారువాళ్లు ఇది నామోషీ అనుకుంటారు.

విశాఖ ఆకాశవాణిలో జానపద విభాగం ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టండి. గ్రేడ్ వస్తే పారితోషికం పెద్దగా ఉండదు, కానీ ప్రభుత్వ కార్యక్రమాలకు పిలిచేవాళ్లు అది అడుగుతారు. మీలో ఎవరికైనా వయసు 18 నుంచి 25 మధ్య ఉంటే కేంద్ర సంస్కృతి శాఖ యువ కళాకారులకిచ్చే ఉపకారవేతనం చూడండి, జానపద కళలకూ వర్తిస్తుంది, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చేవారు. కొత్త నోటిఫికేషన్‌లో మొత్తం సరిచూసుకోండి. జముకు మీద దరఖాస్తులు తక్కువ, పోటీ కర్ణాటక సంగీతంలో ఉన్నంత ఉండదు.

కంపెనీకి మెయిల్‌లో రాయాల్సింది ఇంతే: "పాట కర్త మా తాతగారు. వారసుల అనుమతి తీసుకుంటున్నాం. ఈ ఒక్క రికార్డింగ్‌కు మూడేళ్ల లైసెన్సు, మార్పులకు మా అనుమతి, రాయల్టీ వాటా వారసులకు నేరుగా. ఈ షరతులతో కొత్త ముసాయిదా పంపగలరు." వాళ్లు వెంటనే ఫోన్ చేస్తారు, ఈ వారంలో తేల్చకపోతే ఆఫర్ పోతుందంటారు. ఫోన్‌లో దేనికీ సరే అనకండి, ఏదున్నా మెయిల్‌లోనే రాయమనండి. ముసాయిదా వచ్చాక పేర్లు, డబ్బు కొట్టేసి మిగతా పేరాలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.